పనైపోయిన కోబాల్ట్ ఎవరిది?

మా ఆసుపత్రిలో నా సంతకం లేకుండా గడప దాటకూడని వస్తువు ఒకటి ఉండేది. రెండు సెంటీమీటర్ల వ్యాసం, అంతకంటే కాస్త పొడవు ఉన్న స్టీలు డబ్బీ. లోపల కోబాల్ట్-60 గుళికలు. అరచేతిలో పట్టేంత చిన్నది. అలా పట్టుకున్న మనిషి మాత్రం ఎక్కువ రోజులు ఉండడు.

నేను డాక్టర్ని కాను. కోస్తాలో ఒక ఊళ్లో, క్యాన్సర్ ఆసుపత్రిలో మెడికల్ ఫిజిసిస్టుని. ఏ గడ్డకి ఎంత రేడియేషన్ ఇవ్వాలో డాక్టరు గారు రాస్తారు. అది అంతే, అక్కడే పడేలా లెక్క కట్టడం నా పని. మా అత్తయ్య చుట్టాలకి చెప్పేటప్పుడు "మా కోడలు ఆసుపత్రిలో మిషన్లు చూసుకుంటుంది" అంటుంది. అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

దీంతో పాటు ఇంకో బాధ్యత కూడా నా నెత్తిన ఉంది. రేడియలాజికల్ సేఫ్టీ ఆఫీసర్, మా వాడుకలో ఆర్‌ఎస్‌వో. ఈ పనికి ఆసుపత్రి నియమించుకుంటే సరిపోదు. ముంబైలో ఉన్న అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ, నా పేరుని ఆమోదించాలి. ఆ ఆమోదానికీ గడువు ఉంటుంది. నేను మానేస్తే ఇంకో ఆర్‌ఎస్‌వో వచ్చేదాకా, ఆ డబ్బీతో వైద్యం చేసే కోబాల్ట్ మిషను నడపకూడదు. జీతం ఇచ్చేది యాజమాన్యం, కానీ తప్పు కనబడితే నేను రాయాల్సింది ముంబైకి. ఈ ఇరకాటం ఈ ఉద్యోగంలో పుట్టుకతోనే ఉంది. దేశం మొత్తం మీద అణు భద్రత ఎలా నడుస్తుందో అర్థం కావాలంటే ఇక్కణ్ణుంచి చూడటమే తేలిక అని నా నమ్మకం.

కరెంటుతోనే రేడియేషన్ పుట్టించే లీనియర్ యాక్సిలరేటర్ మేము కొన్నాక కోబాల్ట్ మిషను పని తగ్గిపోయింది. తర్వాత పూర్తిగా ఆగింది. మీటరుకి పైగా మందం ఉన్న కాంక్రీటు గోడల గది, దాని మధ్యలో దుమ్ము పట్టిన మిషను. డయాలసిస్ వాళ్లకి చోటు చాలట్లేదు. ఒకరోజు స్టోర్స్ సూపరింటెండెంట్ గారు నా గదికి వచ్చి కూర్చున్నారు. పాతకాలం మనిషి, నేనంటే కూతురంత అభిమానం.

"అమ్మా, ఆ కోబాల్ట్‌ని కండెమ్ లిస్టులో పెట్టేశాం. పుస్తకంలో దాని విలువ సున్నా. పాత ఇనుము వాడు రేటు కూడా చెప్పిపోయాడు. మీరొక సంతకం పెడితే గది ఖాళీ చేయిస్తా."

"బాబాయి గారూ, దాన్ని అమ్మడానికి మనకి హక్కు లేదండి."

"అదేంటమ్మా, డబ్బులిచ్చి కొన్నాం కదా?"

ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. మంచం, ఫ్రిజ్, ఏసీ, అన్నీ కొన్నవే, పాతబడితే వేలం వేసినవే. స్టాకు రిజిస్టర్లో దీనికీ వాటిలాగే ఒక వరస, ఒక నంబరు. కానీ ఎక్స్‌రే మిషను స్విచ్ కట్టేస్తే ఇక అదొక ఇనుప బీరువా. కోబాల్ట్‌కి స్విచ్ లేదు. "ఆఫ్" అంటే ఆ డబ్బీ మిషను తలలో సీసం వెనక్కి జరగడం, అంతే. అక్కడ కూర్చుని రాత్రీ పగలూ గామా కిరణాలు విడుస్తూనే ఉంటుంది.

ఆయనకి కాగితం మీద లెక్క వేసి చూపించాను. కోబాల్ట్-60 అర్ధాయువు 5.27 ఏళ్లు. మా డబ్బీ వచ్చినప్పుడు దాని రేడియోధార్మికత సుమారు 9,000 క్యూరీలు. మూడు అర్ధాయువులు గడిచాయి, అంటే ఎనిమిదో వంతు మిగిలింది. సుమారు 1,100 క్యూరీలు. దీంతో వైద్యం చేస్తే రెండు నిమిషాల ట్రీట్‌మెంట్ పావుగంట దాటుతుంది. రోగి కదలకుండా అంతసేపు ఉండలేడు, మాకూ రోజు చాలదు. అందుకని వైద్యానికి పనికిరాదు. కానీ అదే డబ్బీ కవచం లేకుండా బయటపడితే, మీటరు దూరంలో ఇరవై నిమిషాలు నిలబడ్డ మనిషికి నాలుగు గ్రేలకి పైగా మోతాదు తగులుతుంది. వైద్యం అందకపోతే సగం మంది చనిపోయే మోతాదు అది.

సూపరింటెండెంట్ గారు కాసేపు కాగితం వంకే చూశారు. "మరి ఆ ఇనుము వాడికి ఏం చెప్పను?" అన్నారు.

మాయాపురి సంగతి చెప్పమన్నాను.

మాయాపురి ఢిల్లీలో పాత ఇనుము బజారు. 2010 ఏప్రిల్‌లో అక్కడ కొంతమందికి ఒళ్లు నల్లబడటం, జుట్టు రాలడం, వాంతులు మొదలయ్యాయి. తీగ లాగితే డొంక ఢిల్లీ విశ్వవిద్యాలయం కెమిస్ట్రీ విభాగంలో కదిలింది. 1970 ప్రాంతంలో కెనడా నుంచి కొన్న గామా సెల్, అంటే ప్రయోగాలకి గామా కిరణాలిచ్చే కోబాల్ట్ పరికరం, ఒకటి 1985 నుంచి వాడకుండా మూల పడి ఉంది. 2010 ఫిబ్రవరిలో దాన్ని మిగతా పాత సామాన్లతో కలిపి వేలం వేసేశారు. కొన్నవాళ్లకి అందులో సీసం కనబడింది, సీసానికి ధర పలుకుతుంది, విప్పారు. లోపలి కోబాల్ట్ కడ్డీలు బయటపడ్డాయి. ఒక కార్మికుడు చనిపోయాడు, మరో ఏడుగురు రేడియేషన్ జబ్బు పడ్డారు. అంతర్జాతీయ అణు ప్రమాదాల కొలబద్దలో దాన్ని నాలుగో స్థాయిగా లెక్కకట్టారు. మన దేశంలో రియాక్టర్ల చుట్టూ ఎంత కాపలా, ఎన్ని ధర్నాలు! మనిషి ప్రాణం పోయింది మాత్రం చదువుకున్నవాళ్లు నిండిన ఒక కాలేజీ స్టోర్‌రూమ్ నుంచి.

ఆ గామా సెల్ కొన్నప్పటికి ఏఈఆర్‌బీ పుట్టనే లేదు. అది ఏర్పడింది 1983 నవంబర్ 15న. కొన్న ప్రొఫెసర్లు రిటైరయ్యారు, తర్వాత వచ్చినవాళ్లకి అదేమిటో తెలియదు, రిజిస్టర్లో ఒక పేరు మిగిలింది. మిషను పని చేస్తున్నన్నాళ్లూ దానికి పది మంది పెద్దలు. పని ఆగిన మర్నాటి నుంచి అది ఎవరిదీ కాదు. నేను చూసినంతలో ఈ రంగంలో అసలు భయం ఈ దశ దగ్గరే. మన దగ్గరా జరిగింది. 2019 జనవరిలో కృష్ణా జిల్లాలో చమురు బావుల పనికి వాడే సీజియం-137 పరికరం కనబడకుండా పోయి, పాత సామాన్ల దుకాణంలో తేలింది. పోలీసులు వెతికి పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది.

మళ్లీ మా డబ్బీ దగ్గరికి వస్తాను. రూలు చాలా సూటిగా ఉంటుంది: వాడకం అయిపోయిన సోర్సు, అంటే మా డబ్బీలా కిరణాలు విడిచే వస్తువు, ఎక్కణ్ణుంచి వచ్చిందో అక్కడికే వెళ్లాలి. విదేశం నుంచి తెప్పించుకుంటే, వెనక్కి తీసుకుంటామని ఆ కంపెనీ ముందే రాసివ్వాలి. మాది బ్రిట్ సరుకు. బ్రిట్ అంటే అణుశక్తి శాఖ కింద ఐసోటోపులు సరఫరా చేసే సంస్థ. కోబాల్ట్ తయారయ్యేది మన రియాక్టర్లలోనే. రాజస్థాన్‌లో రావత్‌భాటా రియాక్టర్లలో మామూలు కోబాల్ట్ కడ్డీలు పెడితే అవి న్యూట్రాన్లు మింగి కోబాల్ట్-60 అవుతాయి. ఆ రియాక్టర్లలో మండే ఇంధనం కట్టలు చేసేది మన హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, ఎన్‌ఎఫ్‌సీ. ఎన్‌ఎఫ్‌సీకి యురేనియం పంపే చోట్లలో కడప జిల్లా తుమ్మలపల్లె ఒకటి. అంటే మా ఆసుపత్రి మూల గదికీ పులివెందుల పక్కన గనికీ దూరపు చుట్టరికం ఉంది. దాని గురించి తర్వాత చెప్తాను.

కాగితాల పని ఈ-లోరా అనే ఆన్‌లైన్ పోర్టల్లో నడుస్తుంది. దేశంలో ఏ ఆసుపత్రిలో, ఏ ఫ్యాక్టరీలో ఏ సోర్సు ఉందో, ఎన్ని క్యూరీలో, ఆర్‌ఎస్‌వో ఎవరో అన్నీ అందులో ఉండాలి. మిషను డీకమిషన్ చేయడానికి, అంటే వాడకంలోంచి పూర్తిగా తీసేయడానికి, ఒక అనుమతి, సోర్సు రోడ్డు మీద పంపడానికి ఇంకో అనుమతి, తీసుకుంటామని అవతలివాళ్ల అంగీకారం, పోలీసులకి సమాచారం. స్కాన్ చేసి ఎక్కించిన పీడీఎఫ్ సైజు ఎక్కువైందని తిప్పి కొట్టినప్పుడు పళ్లు నూరుకున్న మాట నిజమే. అయినా ఆ పోర్టల్ మీద నాకు గౌరవం ఉంది. అందులో "మిషను పాతబడింది, మూలన పడేశాం" అని రాసుకునే గడి లేదు. సోర్సు వాడకంలో అయినా ఉండాలి, వెనక్కి వెళ్లినట్టు రసీదు అయినా ఉండాలి. ఈ రెండిట్లో ఒకటి తేలేదాకా అది నా పేరు మీదే ఉంటుంది.

డబ్బీ తీసే రోజు ఎలా ఉంటుందో ఎవరూ రాయరు, అందుకని రాస్తున్నా. సీసం నిండిన ఫ్లాస్క్ లారీలో వచ్చింది. దాన్ని దింపడానికి క్రేన్. ఆసుపత్రి వెనక గేటు వైపు ఓపీ క్యూ లేకుండా ఆదివారం పెట్టుకున్నాం. వచ్చిన ఇద్దరు టెక్నీషియన్లూ ముందు చేసిన పని టీ అడగడం కాదు, మిషను తల చుట్టూ మీటరు పెట్టి రీడింగులు రాసుకోవడం. తర్వాత చుట్టూ గుడ్డతో తుడిచి ఆ గుడ్డని కొలిచారు. డబ్బీ కారుతుంటే ఆ గుడ్డలో తెలిసిపోతుంది. కారడం లేదు. ఫ్లాస్క్ నోటిని మిషను తల నోటికి తిన్నగా ఆనించి, మధ్యలో సందు లేకుండా బిగించి, పొడవాటి కడ్డీతో సోర్సు సొరుగుని ఇటు నుంచి అటు తోశారు. ఆ కాసేపూ సర్వే మీటరు గరగరలాడింది, ముల్లు లేచింది, మళ్లీ పడిపోయింది. నేను గుమ్మం దగ్గర గోడ చాటున నిలబడి ముల్లు వంకే చూస్తున్నాను. ఎన్ని లెక్కలు తెలిసినా ఆ క్షణాన టెన్షన్ టెన్షనే.

ఫ్లాస్క్ మీద లేబుల్ అతికించారు. పైసగం పసుపు, కిందిసగం తెలుపు, మూడు ఎర్ర గీతలు. లారీ డ్రైవరుకి ప్రమాదం జరిగితే ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో రాసి ఉన్న కార్డు ఇచ్చారు. అతను కార్డు మడిచి జేబులో పెట్టుకుంటూ, "మేడమ్, రాత్రి బండి ఆపినప్పుడు దీని పక్కన పడుకోవచ్చా?" అని అడిగాడు. క్యాబిన్లోనే పడుకో అన్నా, వెనక ఎక్కొద్దు, ఎవర్నీ ఎక్కనివ్వొద్దు అని చెప్పాను. క్యాబిన్ దగ్గర రీడింగు కూడా తీసి చూపించాను. మీటరు చూశాక అతని ముఖంలో బిగువు పోయింది. అలా అడిగే డ్రైవర్లంటే నాకు ఇష్టం. అడగనివాళ్లతోనే భయం.

లారీ వెళ్లగానే సూపరింటెండెంట్ గారు తయారు. "డబ్బీ పోయింది కదమ్మా, ఇంక ఇనుము వాణ్ణి పిలవనా?"

"తల ఉంది కదండీ."

మాది పాత మోడల్. తలలో సీసంతో పాటు డిప్లీటెడ్ యురేనియం కూడా కవచంగా వాడారు. సీసం కంటే సాంద్రత ఎక్కువ కాబట్టి తక్కువ మందంలో ఎక్కువ కిరణాలని ఆపుతుంది. రేడియోధార్మికత తక్కువే అయినా యురేనియం యురేనియమే. దాన్నీ అనుమతితో, అనుమతి ఉన్న చోటికే పంపాలి. బల్ల, స్టాండు, మోటార్లు కొలిచి శుభ్రంగా ఉన్నాయని నేను రాసిచ్చాకే ఇనుము కింద పోయాయి. పాపం, ఆ వ్యాపారి ఊహించిన బరువులో చాలా భాగం తలలోనే ఉంది.

ఇది పుస్తకంలో ఉన్నట్టు జరిగిన కథ. అన్నిచోట్లా ఇలా జరగదు. ఎందుకు జరగదో ప్రభుత్వ సంస్థల్ని ఆడిట్ చేసే కాగ్ 2012లో పార్లమెంటుకి ఇచ్చిన నివేదికలో ఉంది. ఏఈఆర్‌బీ పనితీరు మీద ఆడిట్ అది. దేశంలో లెక్కతేలిన 57,443 వైద్య ఎక్స్‌రే యూనిట్లలో నమోదైనవి 5,270. మిగతా 91 శాతం అప్పటికి నియంత్రణ బయటే ఉన్నాయి. వాడకం అయిపోయిన సోర్సుల్ని పంపడానికి ఏఈఆర్‌బీ అనుమతి ఇస్తుంది, కానీ అవి నిజంగా చేరాయా లేదా అని సరిచూసే సరైన పద్ధతి లేదు అని కూడా అందులో రాశారు. మా డబ్బీ రసీదు కోసం నేను అంత పట్టుబట్టడానికి ఆ వాక్యమే కారణం. ప్రతి రాష్ట్రంలో రేడియేషన్ భద్రతకి ఒక డైరెక్టరేట్ పెట్టాలని 2001లో సుప్రీంకోర్టు చెప్తే, పదేళ్ల తర్వాత కాగ్ చూసేసరికి పెట్టినవి కేరళ, మిజోరం మాత్రమే.

ఆ తర్వాత పరిస్థితి మెరుగైంది, ఈ-లోరా వచ్చాక బాగా మెరుగైంది. ముంబైతో పాటు చెన్నై, కోల్‌కతా, ఢిల్లీల్లో ప్రాంతీయ కేంద్రాలు ఉన్నాయి. మా వైపు తనిఖీకి వచ్చినాయన ఒకసారి మిషను వంక చూడకుండా తాళాల బోర్డు ముందు నిలబడి, "సోర్సు గది రెండో తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది? వాళ్లు సెలవు పెడితే?" అని అడిగాడు. మంచి ఇన్‌స్పెక్టర్ అని అప్పుడే అర్థమైంది. మీ వీధిలో స్కానింగ్ సెంటర్‌కి వెళ్లినప్పుడు మీరూ అడగొచ్చు, ఏఈఆర్‌బీ కాగితం ఎక్కడ తగిలించారు అని. సీటీ స్కాన్‌కి లైసెన్స్ ఉండాలి, మామూలు ఎక్స్‌రేకి రిజిస్ట్రేషన్ ఉండాలి. అడిగితే చిరాకు పడతారు, పడనివ్వండి.

అసలు సమస్య పైన ఉంది. ఇక్కడ నా ఇరకాటం ఎలాంటిదో, అక్కడ ఏఈఆర్‌బీదీ అలాంటిదే. 1962 అణుశక్తి చట్టం కింద ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వుతో పుట్టిన సంస్థ అది. 2025 చివరిదాకా పార్లమెంటు దానికంటూ చట్టం చేయలేదు. అన్నాళ్లూ అది జవాబు చెప్పాల్సి వచ్చింది అణుశక్తి కమిషన్‌కి. ఆ కమిషన్ ఛైర్మన్ అణుశక్తి శాఖ కార్యదర్శి. రియాక్టర్లు కట్టే సంస్థలు, బ్రిట్, ఎన్‌ఎఫ్‌సీ అన్నీ ఆ శాఖ కిందివే. పరీక్ష రాసేవాళ్లూ దిద్దేవాళ్లూ ఒకే ఇంటివాళ్లు. రూల్స్ తయారు చేసే అధికారం, శిక్ష ఎంతో నిర్ణయించే అధికారం మండలికి లేవని కాగ్ గుర్తు చేసింది. జపాన్‌లో ఫుకుషిమా అణు ప్రమాదం జరిగాక 2011 సెప్టెంబర్‌లో స్వతంత్ర నియంత్రణ సంస్థ కోసం లోక్‌సభలో బిల్లు పెట్టారు. 2014లో ఆ సభతో పాటే మురిగిపోయింది. 2015లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నిపుణులు వచ్చి చూసి, మండలి స్వతంత్రతని చట్టంలో రాయమన్నారు.

నేను కలిసి పనిచేసిన ఏఈఆర్‌బీ ఉద్యోగుల్లో మెత్తటివాళ్లు ఎవరూ తగల్లేదు. ఈ మాట వాళ్లని తక్కువ చేయడానికి కాదు. కానీ మనుషులు గట్టివాళ్లు కాబట్టి ఏర్పాటు ఎలా ఉన్నా పర్లేదు అంటే, మంచి ఆర్‌ఎస్‌వో ఉన్నాడు కాబట్టి గదికి తాళం అక్కర్లేదన్నట్టే.

ఇప్పుడు వ్యర్థాల సంగతి. రేడియోధార్మిక వ్యర్థం అనగానే అందరికీ పసుపు డ్రమ్ములు గుర్తొస్తాయి. నాకు ప్లంబర్ గుర్తొస్తాడు. థైరాయిడ్ క్యాన్సర్ రోగులకి అయోడిన్-131 మందు ఇస్తాం. అందులో ఎక్కువ భాగం మూత్రంలోనే బయటికి వస్తుంది. కాబట్టి ఆ గదుల టాయిలెట్ పైపు ఊరి డ్రైనేజీలో కలవకూడదు. విడిగా డిలే ట్యాంకుల్లోకి పోవాలి. ఒకటి నిండితే మూసేసి రెండోదానికి తిప్పుతాం. అయోడిన్ అర్ధాయువు 8 రోజులు. పది అర్ధాయువులు, అంటే 80 రోజులు ఆగితే వెయ్యోవంతుకి పడిపోతుంది. అప్పుడు కొలిచి, పరిమితి లోపల ఉంటే వదులుతాం. ఆ ట్యాంకు వాల్వు బిగుసుకుపోయినప్పుడు వచ్చిన కుర్రాడు రెంచి చేతిలో పట్టుకుని, "ఇందులో ఏముంది మేడమ్?" అన్నాడు. రోగుల మూత్రం అన్నాను. "అంతేనా, ఆ బోర్డు చూసి బాంబేమో అనుకున్నా" అని నవ్వాడు. అతనికి ఒంటికి తగిలే రేడియేషన్ కొలిచే డోసిమీటరు తగిలించి, రీడింగు చూసి, అప్పుడు వాల్వు ముట్టుకోనిచ్చాను. మా నర్సులు, టెక్నీషియన్లు ఏడాది పొడవునా ఛాతీ మీద అలాంటిదే టీఎల్‌డీ బ్యాడ్జి పెట్టుకుంటారు. మూడు నెలలకోసారి అవి ల్యాబుకి వెళ్తాయి. రేడియేషన్ పనివాళ్లకి పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. సామాన్య జనానికి 1. ప్లంబర్ జనం కిందే లెక్క.

ఆసుపత్రి వ్యర్థం ఆగితే తగ్గిపోయేది. రియాక్టరు వ్యర్థం అలా కాదు. అక్కడ చేతి తొడుగులు, ఫిల్టర్లు లాంటి తక్కువ స్థాయివి ప్లాంటు ఆవరణలోనే కాంక్రీటు కందకాల్లో పాతిపెడతారు. ఆ చోట్లని సుమారు 300 ఏళ్లు కనిపెట్టుకుని ఉండాలన్న లెక్కతో కడతారు. వాడిన ఇంధనాన్ని మన దేశం వ్యర్థం అనదు. మళ్లీ శుద్ధి చేసి ప్లుటోనియం, యురేనియం తీసుకుంటుంది. ఆ శుద్ధిలో మిగిలే ఘాటైన ద్రవాన్ని గాజులో కలిపి కరిగించి, స్టీలు డబ్బాల్లో పోసి, గాలితో చల్లబడే గోదాముల్లో పెడతారు. తారాపూర్, ట్రాంబే, కల్పాక్కంలో ఈ ఏర్పాట్లున్నాయి. ఆ ద్రవంలోంచే సీజియం-137 వేరుచేసి గాజు పెన్సిళ్లుగా చేసి, బ్లడ్ బ్యాంకుల్లో రక్తాన్ని ఇర్రేడియేట్ చేసే మిషన్లకి ఇస్తున్నారు. వ్యర్థం లోంచి వైద్యానికి పనికొచ్చేది తీయడం నాకు నచ్చిన పని. కాకపోతే ఆ పెన్సిళ్లూ ఒకనాటికి మూల గదుల్లో మిగిలేవే, వాటికీ రసీదులు కావాలి. గాజు దిమ్మెల్ని చివరికి భూమి లోతుల్లో పెట్టే శాశ్వత చోటు మన దేశంలో ఇంకా లేదు.

రియాక్టరు వయసు అయిపోయాక విప్పే ఖర్చు ఎవరిది? అణు విద్యుత్తు ప్రతి యూనిట్ ధరలో డీకమిషనింగ్ కోసం 2 పైసలు వసూలు చేస్తారు. 1991 నుంచి ఆ రేటు మార్చలేదని, ఆ నిధి చాలుతుందో లేదో చూడటంలో ఏఈఆర్‌బీకి పాత్రే లేదని కాగ్ అదే నివేదికలో ఎత్తిచూపింది. 1991లో రెండు పైసలకి ఉన్న విలువ ఇప్పుడుందా?

తుమ్మలపల్లె గురించి చెప్తానన్నాను. గనిలోంచి తీసిన రాయిలో యురేనియం చాలా తక్కువ శాతం. మిగిలిన బురదంతా టైలింగ్ పాండ్‌లోకి పోతుంది. చుట్టుపక్కల కొట్టాల రైతులు బోర్లలో నీళ్లు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. అక్కడ రేడియేషన్ సంగతి ఏఈఆర్‌బీది, మామూలు కాలుష్యం సంగతి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిది. బోరు నీళ్లలో సోడియం పెరిగితే ఒకరి దగ్గరికి, యురేనియం పెరిగితే ఇంకొకరి దగ్గరికి పోవాలి. నీళ్లు తాగే రైతుకి ఈ రెండు ఆఫీసుల మధ్య గీత కనబడదు. రిపోర్టు ఎవరిదైనా, అది ఆ ఊరి పంచాయతీ గోడ మీద తెలుగులో అతికించి ఉండాలన్నది నా కోరిక. చెప్పుకోవడానికి చిన్న కోరికే.

2025 డిసెంబర్‌లో పార్లమెంటు శాంతి (SHANTI) అనే అణుశక్తి బిల్లుని ఆమోదించింది. 1962 చట్టం, 2010 నాటి అణు నష్టపరిహార చట్టం రెండింటినీ తీసేసి వాటి చోట దీన్ని తెచ్చారు. ప్రైవేటు కంపెనీలు రియాక్టర్లు నడపొచ్చన్నది పెద్ద వార్త అయింది. నాకు పెద్ద వార్త ఏమిటంటే, నలభై ఏళ్లు దాటాక ఏఈఆర్‌బీకి చట్టంలో చోటు దొరికింది. అయితే ఛైర్మన్‌ని ఎంపిక చేసే కమిటీని వేసేది మళ్లీ అణుశక్తి కమిషనే. ఇల్లు మారింది, ఇంటిపేరు మారలేదు. వాడిన ఇంధనం శుద్ధి, అత్యధిక స్థాయి వ్యర్థాల బాధ్యత కేంద్రం తన చేతిలోనే ఉంచుకుంది. అది సరైనదే అనుకుంటాను. ముప్ఫై ఏళ్లలో కంపెనీలు పేర్లు మార్చుకుంటాయి, మూతపడతాయి, గాజు దిమ్మెలు అలాగే ఉంటాయి. కానీ లాభం ఒకరికి, చెత్త కాపలా మనకి అయితే, ఆ కాపలా ఖర్చు యూనిట్ ధరలో ఎంత కలుపుతారన్నది రేపు శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ లాంటి చోట్ల జనం అడగాల్సిన ప్రశ్న. అక్కడ 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెట్టే ప్రతిపాదన ఉంది. భూమి గురించి, చేపల వేట గురించి అడుగుతున్నారు, అడగాలి. అరవై ఏళ్ల తర్వాత గురించి కూడా ఇప్పుడే అడగాలి.

కొత్త చట్టం కింద రాసే నియమాల్లో నేను వెతికేది మాత్రం చిన్న సంగతి. ఆసుపత్రి దివాలా తీస్తే లోపలి సోర్సు ఎవరు తీస్తారు? ఆర్‌ఎస్‌వో జీతం ఆగగానే వెళ్లిపోతాడు, బ్యాంకు వాళ్లు భవనం జప్తు చేస్తారు, వాళ్ల జాబితాలో అది "పాత మిషను-1". వెనక్కి పంపే ఖర్చు, లారీ, క్రేన్, ఫ్లాస్క్ అద్దెతో సహా, మిషను కొనే రోజునే డిపాజిట్‌గా కట్టించుకోవాలి. ఈ మాట మా అకౌంట్స్ ఆయనతో అంటే, "మేడమ్, మీరు ఏ పక్షం?" అన్నాడు. తర్వాతి కోబాల్ట్ మిషనుకి మేము కొటేషన్లు పిలవడం లేదు కాబట్టి నవ్వాడు. గడ్డ పక్కనే సోర్సు పెట్టి చేసే వైద్యానికి, అంటే బ్రాకీథెరపీకి, ఇరిడియం సోర్సు మూడు నాలుగు నెలలకోసారి మారుస్తూనే ఉంటామని, ప్రతిసారీ పాతది వెనక్కి వెళ్లాల్సిందేనని గుర్తు చేశాను. ఆ బిల్లు మా అకౌంట్స్‌లో ఈ నెల ఇంకా పాస్ కాలేదు.